మన పళ్ళెం, బేకరీ పొయ్యి

మధ్యాహ్నం పన్నెండు దాటాక చిన్న బేకరీల్లో పొయ్యికి పెద్దగా పని ఉండదు. తెల్లవారుజామున బన్నులు, బ్రెడ్డు దిగుతాయి. పదింటికల్లా ఎగ్ పఫ్‌లు, కర్రీ పఫ్‌లు అద్దాల పెట్టెలోకి చేరతాయి. మళ్ళీ బడిపిల్లలు ఇంటిదారి పట్టే వేళకు ఇంకో వాయి. ఈ రెంటి నడుమ మూడు నాలుగు గంటలు ఆ స్టీలు పెట్టె తలుపు మూసుకొని ఊరికే ఉంటుంది. సరిగ్గా ఆ వేళకే రెండు సందుల అవతల ఒక ఇల్లాలు మూకుట్లో కిలో పల్లీలు పోసి, గంటె చేతిలోంచి దించకుండా, కొంగుతో చెమట తుడుచుకుంటూ వేయిస్తూ ఉంటుంది. ఆ పొయ్యికీ ఈ పల్లీలకూ ఇన్నాళ్ళు పరిచయం ఎందుకు కుదరలేదు?

ఈ మాట ఖిలా వరంగల్‌ను దృష్టిలో పెట్టుకుని అంటున్నదే. అది చూడ్డానికి వచ్చేవారికి కీర్తితోరణాలు కనిపిస్తాయి, ఖుష్ మహల్ కనిపిస్తుంది, ఏకశిల గుట్ట కనిపిస్తుంది. అది మనుషులు కాపురముండే ఊరని మాత్రం చాలామందికి తోచదు. మట్టికోట, రాతికోట గోడల లోపల మధ్యకోట, తూర్పుకోట, పడమరకోట అని పేటలున్నాయి. ఇళ్ళు, బడులు, కిరాణా కొట్లు, పొలాలు ఉన్నాయి. పక్కనే శివనగర్, కరీమాబాద్, ఉర్సు, రంగశాయిపేట. ఏనుమాముల మార్కెట్‌కు మక్కలు, పల్లికాయ, మిర్చి బస్తాలు దిగే జిల్లా ఇది. కాల్చుకోవడానికీ వేయించుకోవడానికీ సరుకుకు కరువు లేదు. పెద్ద పొయ్యి పెట్టుకునే చోటూ స్తోమతూ ఇంటింటికీ ఉండవు, అంతే.

ఇప్పుడు చిన్న చిన్న బేకరీల్లోకి కూడా కన్వెక్షన్ ఓవెన్లు వచ్చాయి. పాత ఇటుక భట్టీ, ఆ తర్వాత వచ్చిన డెక్ ఓవెన్ ఇంకా ఉన్నచోట ఉన్నాయి. కన్వెక్షన్ ఓవెన్ ప్రత్యేకత అంతా వెనక గోడకున్న ఫ్యాన్‌లో ఉంది. మామూలు ఓవెన్‌లో వేడిగాలి కదలకుండా నిలబడుతుంది. లోపల పెట్టిన పదార్థం చుట్టూ దాని తేమే ఒక పలచని చల్లటి పొరలా పేరుకుని, వేడిని కొంత అడ్డుకుంటుంది. ఫ్యాను తిరిగిందంటే ఆ పొర చెదిరిపోతుంది. మే నెలలో వరంగల్ ఎండలో నిలబడ్డం వేరు, వడగాలిలో నడవడం వేరు. పాదరసం ఒకే అంకె చూపించినా ఒంటికి తేడా తెలుస్తుంది కదా, అదీ సంగతి. అందుకే మామూలు ఓవెన్‌కు 180 డిగ్రీలని రాసి ఉన్న వంటకానికి ఇందులో 160, 165 సరిపోతుంది. సమయమూ తగ్గుతుంది. నాలుగు అరల్లో నాలుగు ట్రేలు పెట్టినా పైది మాడి కిందిది పచ్చిగా మిగలడం దాదాపు ఉండదు. ఫ్యానుకు దగ్గరగా ఉన్న అంచు కొంచెం ముందే ఎర్రబడుతుంది కాబట్టి సగంలో ట్రేను ఒకసారి తిప్పి పెడితే చాలు.

ఈ ఫ్యాను పొయ్యి పుట్టింది బేకరీ కోసం కాదు. 1945 ప్రాంతంలో విలియం మ్యాక్సన్ అనే అమెరికా ఇంజినీరు, విమానాల్లో గడ్డకట్టించి తీసుకెళ్ళిన భోజనాన్ని గబగబా వేడిచేయడానికి ఫ్యాను బిగించిన చిన్న పొయ్యిని తయారుచేశాడు. గాల్లో ఎగిరే సైనికుల కోసం పుట్టిన యంత్రం తిరిగి తిరిగి మన సందు మలుపులో పఫ్‌లు కాలుస్తోంది. ఇంకో రెండడుగులు వేసి మన పల్లీల దాకా రావడానికి దానికేం అభ్యంతరం ఉంటుంది?

పల్లీలతోనే మొదలుపెడదాం. 60 సెంటీమీటర్ల పొడవు, 40 వెడల్పు ఉన్న బేకరీ ట్రేలో కిలో గింజలు ఒకదాని మీద ఒకటి పడకుండా పరుచుకుంటాయి. 150, 160 డిగ్రీల మధ్య పదిహేను ఇరవై నిమిషాలు. సగంలో ఒకసారి కలియబెట్టాలి. బయటికి తీసినప్పుడు గింజ మెత్తగానే ఉంటుంది. వేగలేదేమోనని మళ్ళీ లోపలికి తోస్తే మాడుతుంది. చల్లారుతుంటేనే కరకరలాడుతుంది. లోపలి వేడికి బయటికొచ్చాక కూడా రంగు ముదురుతుంది కాబట్టి, కావలసిన రంగుకు ఒక ఛాయ ముందే తీసి వేరే చల్లటి ట్రేలోకి ఒంపాలి. అరచేతుల మధ్య నలిపితే పొట్టు రాలిపోవాలి. అది గుర్తు. నాలుగు ట్రేలు పెడితే అరగంటలో నాలుగు కిలోలు. మూకుట్లో అయితే ఒక మనిషి రెండు గంటలు పొయ్యి ముందు నిలబడాలి, అదీ గింజ గింజకూ ఒక రంగు రాకుండా చూసుకుంటూ. నువ్వులు, శనగపప్పు, రవ్వ, జొన్నలు, రాగులు అన్నీ ఇదే లెక్కలోకి వస్తాయి, నిమిషాలే మారతాయి. పిల్లలకు పట్టించే జావ పిండి కోసం గింజలు వేయించుకునే తల్లులకు ఈ ఒక్క సదుపాయమే పెద్ద ఊరట.

శివరాత్రికి కందగడ్డ తినడం తెలంగాణలో ఆనవాయితీ. కృష్ణా గోదావరి జిల్లాలవారు దాన్నే చిలగడదుంప అంటారు. స్వయంభూ దేవాలయం శిథిలాలున్న ఈ కోటలో శివరాత్రిని ప్రత్యేకంగా గుర్తుచేయనక్కర్లేదు. దుంపను ఉడకబెడితే కొంత తీపి నీళ్ళపాలవుతుంది. కాలిస్తే అలా కాదు. లోపలి వేడి 60 నుంచి 75 డిగ్రీల మధ్య నెమ్మదిగా పెరుగుతుంటే దుంపలోనే ఉన్న ఎంజైము పిండిపదార్థాన్ని చక్కెరగా మారుస్తుంది. అందుకే కందగడ్డ విషయంలో తొందర పనికిరాదు. ముందు 150 దగ్గర అరగంట, ఆ తర్వాత 190కి పెంచి మెత్తబడేదాకా ఉంచితే తొక్క మీద బెల్లంపాకంలాంటి నల్లని చుక్కలు కారతాయి. అవి కనపడ్డాయంటే పండిందన్నమాటే. కింద పాత ట్రే పెట్టడం మరిచిపోతే మాత్రం, మర్నాడు పొయ్యి కడిగే కుర్రాడి తిట్లు తినాలి.

వంకాయ, టమాట, పచ్చిమిర్చి, వెల్లుల్లి ఒకే ట్రేలో పెట్టి 220 దగ్గర కాల్చితే పచ్చడికి సిద్ధం. వంకాయకు నాలుగు గాట్లు పెట్టాలి, లేకపోతే లోపలి ఆవిరికి పేలి తలుపు అద్దానికి అంటుకుంటుంది. బొగ్గు మీద కాల్చిన వాసన దీనికి రాదు, ఆ మాట దాచి లాభం లేదు. మక్కకంకి సంగతీ అంతే. పొట్టుతోనే ట్రేలో పెట్టి 200 దగ్గర అరగంట కాలిస్తే గింజ తియ్యగా, రసంగా ఉంటుంది. చిన్నపిల్లలకూ పళ్ళు కదిలే పెద్దలకూ బాగుంటుంది. అయినా వానాకాలం సాయంత్రం రోడ్డు పక్కన విసనకర్రతో నిప్పులు ఊదుతూ కాల్చి, ఉప్పుకారం, నిమ్మచెక్క రుద్ది ఇచ్చే కంకి ముందు ఇది దిగదుడుపే. ఆ బుట్ట పక్కన కూర్చున్న తల్లి బేరం ఏ యంత్రమూ పాడుచేయకూడదు, చేయలేదు కూడా.

అసలు పరీక్ష సర్వపిండి దగ్గర ఉంది. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, ఉల్లి, కరివేపాకు, కారం కలిపి, గుండ్రటి గిన్నె లోపలి గోడకు పలచగా తట్టి, వేలితో చిల్లులు పెట్టి, ఆ చిల్లుల్లో నూనె వేసి, మూతపెట్టి సన్నటి సెగ మీద కాల్చే ఈ రొట్టె ఓరుగల్లు ఇళ్ళలో ఎప్పుడంటే అప్పుడు చేసుకునేదే. రుచి గొప్పదే, చేసే పనిలో ఒక చిక్కుంది. ఒకటి దిగాక రెండోది తట్టాలంటే గిన్నె చల్లారాలి. కాలే గిన్నెకు పిండి తట్టలేం. అందుకని గిన్నె వీపు మీద నీళ్ళు పోసి, సుర్రుమనిపించి, తుడిచి మళ్ళీ తట్టడం, లేదా నాలుగు గిన్నెలు వరసగా పెట్టుకోవడం. నలుగురున్న ఇంట్లో ఎలాగో నడుస్తుంది. పెళ్ళికో పేరంటానికో యాభైమందికి చేయాలంటే ఆ ఇంటి ఆడవాళ్ళ సాయంత్రమంతా పొయ్యి దగ్గరే తెల్లారుతుంది.

కన్వెక్షన్ ఓవెన్‌లో చల్లటి ట్రేల మీద ఎన్నయినా ఒకేసారి తట్టి పెట్టుకోవచ్చు. కానీ మామూలుగా పెడితే ఫ్యాను గాలికి పైభాగం ముందే ఎండి పగుళ్ళిస్తుంది, అడుగు మాత్రం ఎర్రబడదు. గిన్నెలో జరిగేది వేరు. అడుగు నేరుగా సెగకు కాలుతుంది, మూత కింద ఆవిరి పైభాగాన్ని మెత్తగా ఉంచుతుంది. ఆ రెండు పనులూ ఇక్కడ మనమే చేయించాలి. మందపాటి ఇనుప ట్రే తీసుకోవాలి, నూనె ధారాళంగా రాయాలి, పైన ఇంకో ట్రే బోర్లించి 190 దగ్గర పదిహేను నిమిషాలు ఉంచి, మూత తీసి ఇంకో పది నిమిషాలు కాల్చాలి. అడుగు కరకరగా, పైన మెత్తగా దిగుతుంది. గిన్నె సర్వపిండికి ఇది సాటి అని ఎవరూ అనరు. గోడకు అంటుకున్న పలచటి అంచు, పట్టుకుంటే పుటుక్కున విరిగే ఆ అంచు, చదును ట్రేలో ఎక్కడినుంచి వస్తుంది? యాభైమందికి వేడివేడిగా ఒకేసారి పెట్టగలగడం కోసం ఆ అంచును వదులుకోవచ్చునా అంటే, పెళ్ళింట్లో వదులుకోవచ్చు, మామూలు రోజున వద్దు.

సకినాల దగ్గరికి మాత్రం ఈ పొయ్యిని రానివ్వకూడదు. నూనె మంచిది కాదు, ఆరోగ్యానికి కాల్చిన సకినాలు తినండి అని ఎవరో ఒకరు ఏటా సంక్రాంతికి చెబుతూనే ఉంటారు. బట్ట మీద తిప్పిన సకినాన్ని నూనెలో వేసినప్పుడు లోపలి నీరు ఆవిరై పోతూ సన్నని గుల్లలు చేస్తుంది. ఆ గుల్లల వల్లే నోట్లో వేసుకుంటే పొడిపొడిగా రాలుతుంది. పొడిగాలిలో ఎండితే వచ్చేది బియ్యప్పిండి కట్టె. ఏడాదికొకసారి వచ్చే పండగపూట నాలుగు సకినాలు నూనెలోనే వేయించుకుని తినడం నేరం కాదు. రోజూ సాయంత్రం తినేవి కాల్చుకుంటే చాలు. నూనెనే పదే పదే కాచేవారి విషయం వేరు. వాడిన నూనెలో పోలార్ సమ్మేళనాలు 25 శాతం దాటితే దాన్ని పారేయాలని ఆహార భద్రత ప్రమాణాల సంస్థ 2018 జూలై నుంచి నిబంధన పెట్టింది. బజారు మిరపకాయ బజ్జీ మూకుడు దగ్గర ఆ లెక్క ఎవరు చూస్తున్నారన్నది అడక్కండి.

ఈ పొయ్యికి ఇంకో బలహీనత ఉంది, నవ్వొచ్చేది. తేలికపాటి వస్తువేదైనా లోపల పెడితే ఎగిరిపోతుంది. కరివేపాకు ఎండబెడదామని పరిస్తే పది నిమిషాలకు సగం ఆకులు ఫ్యాను జాలీకి అతుక్కుని ఉంటాయి. అప్పడం లేచి అవతలి ట్రే మీద వాలుతుంది. పైన వైరు జాలీ కప్పితే తప్ప ఆకుకూరల పని దీనితో కాదు. ఎండుమిర్చి అసలే వద్దు. 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన మన వరంగల్ చపాట మిర్చి కారం తక్కువదే, రంగు ఎక్కువది. అయినా మిర్చి వేయించి తలుపు తీసినవాడు ఆ సందులో మరునాడు ముఖం చూపించలేడు.

ఇక, అయ్యో, పఫ్‌ల పొయ్యిలో మన తిండా అని ముఖం చిట్లించేవారున్నారు. వారిని ఈ కోట గోడల దగ్గరికే తీసుకెళ్ళాలి. 1323లో ఓరుగల్లు ఢిల్లీ సైన్యం చేతికి చిక్కేనాటికి ఈ కోటలో ఒక్క మిరపకాయ లేదు. పల్లీ లేదు. మక్కకంకి లేదు. కందగడ్డ లేదు, టమాట లేదు. అవన్నీ అమెరికా ఖండపు పంటలు, 1492 తర్వాత సముద్రం దాటి వచ్చినవి. గణపతిదేవుడు గానీ రుద్రమదేవి గానీ కారం వేసిన సర్వపిండి రుచి ఎరగరు. వారి నాలుకకు తెలిసిన కారం మిరియాలది. పరాయి గింజలను కడుపులో పెట్టుకుని ఇది మా ఊరి తిండి అని గుండె మీద చెయ్యేసి చెప్పగలుగుతున్నాం. సరైన మాటే. తరాల తరబడి ఆ గింజలను మన చేతులతో పండించి, మన గిన్నెల్లో కాల్చాం కనుక అవి మనవయ్యాయి. పొయ్యికి వేరే న్యాయమెందుకు?

పాత ఓరుగల్లు వీధులను కళ్ళకు కట్టిన పుస్తకం క్రీడాభిరామం. వినుకొండ వల్లభరాయుడి పేరుతో ఉంది, శ్రీనాథుడిదేనన్న పండితులూ ఉన్నారు. అందులో మంచనశర్మ, టిట్టిభసెట్టి ఊరంతా తిరిగి పూటకూళ్ళ ఇంట భోజనానికి చేరతారు. ఒక్క రూకకు వడ్డించేది సన్నబియ్యం అన్నం, గోధుమపిండి వంట, పంచదార, అప్పుడే కాచిన నెయ్యి, పెసరపప్పు, అరటిపళ్ళు, నంజుకోడానికి నాలుగైదు రకాలు, గడ్డపెరుగు. విస్తట్లో మిరప లేదు, దాని లోటూ ఎవరికీ తెలియదు. మన విషయానికి ముఖ్యమైంది రూక. పరాయి పొయ్యికి డబ్బిచ్చి తిండి వండించుకోవడం ఓరుగల్లుకు కనీసం ఆరు వందల ఏళ్ళ నాటి అలవాటని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

మన సరుకు మనమే పట్టుకెళ్ళి కాల్పించుకోవడం కూడా కొత్త కాదు. తొలి ఏకాదశికి పేలాలపిండి కావాలంటే జొన్నలో మక్కలో మూటగట్టి బట్టీకి తీసుకెళ్ళడం పాతకాలపు పల్లె ఇళ్ళలో మామూలే. వేడి ఇసుకలో గింజ పేల్చి, జల్లెడపట్టి ఇచ్చేవారు. పట్టణాల్లో మైదా, చక్కెర, డాల్డా డబ్బా చంకన పెట్టుకుని బేకరీకి వెళ్ళి రంజాన్‌కో క్రిస్మస్‌కో పెళ్ళికో బిస్కెట్లు చేయించుకుని, నూనె తేలిన అట్టపెట్టెల్లో ఇంటికి మోసుకొచ్చిన తరం ఇంకా మన మధ్యే ఉంది. ఆ బిస్కెట్లు ఎన్ని వచ్చాయో ఇంటికి రాగానే లెక్కపెట్టే పెద్దమనిషి ఒకరు ప్రతి ఇంట్లో ఉండేవారు. పిండి కొద్దీ రొట్టె అన్నారు గానీ, ఆ బేకరీ మాస్టారు చేతివాటం కొద్దీ బిస్కెట్టు అన్నది వారి అనుమానం.

పంజాబు పల్లెల్లో సాంఝా చూల్హా ఉంది, ఆడవాళ్ళు ఎవరి పిండి వారు తెచ్చి ఒకే తందూరులో రొట్టెలు కాల్చుకుని కబుర్లు చెప్పుకునే చోటు. మొరాకోలో ఫెజ్, మరాకేష్ పాతబస్తీల్లో పేటకొక ఫెర్రాన్ ఉంటుంది. పొద్దున్నే పిల్లలు తల మీద పలక పెట్టుకుని ఇంటి పిండిముద్దలు దింపి పోతారు, కాలిన రొట్టెలు మధ్యాహ్నానికి ఇంటికి చేరతాయి. ఏ రొట్టె ఎవరిదో పొయ్యి పెద్దకు చూపులోనే తెలుస్తుంది. ఫ్రాన్సులో మాత్రం ఈ ఉమ్మడి పొయ్యి చేదు జ్ఞాపకం. దొర పొయ్యిలోనే కాల్చుకోవాలి, దానికి సుంకం కట్టాలి, ఇంట్లో వేరే పొయ్యి పెట్టుకోకూడదు. 1789 విప్లవం తర్వాత గానీ ఆ పీడ వదల్లేదు. ఇష్టం ఉన్నవాళ్ళు వచ్చే పొయ్యికీ, రాక తప్పని పొయ్యికీ ఉన్న తేడా అది. మనకు కావలసింది మొదటిది.

ఖిలా వరంగల్‌లో అది ఎంత తేలిగ్గా మొదలుకావచ్చో ఒక మాటలో వినవచ్చు.

“అన్నా, పఫ్‌ల పని ఒడిశిందా? గీ రెండు కిలోల పల్లీలు జర ఏంచియ్యరాదే!”

“పెట్టిపో అక్కా. అర్ధగంటాగి రా. పళ్ళెం నీదే గదా, గుర్తు పెట్టినవా?”

అంతే. దీనికి ప్రభుత్వ పథకం రానక్కర్లేదు, సభలు జరగనక్కర్లేదు. ట్రేకు ఇంత అని ధర, ఈ గంట నుంచి ఆ గంట దాకా అని సమయం రాసిన అట్టముక్క గోడకు తగిలిస్తే చాలు. 6 కిలోవాట్ల ఓవెన్ గంటసేపు ఆపకుండా కాలినా 6 యూనిట్లకు మించి ఖర్చు చేయదు. వేడెక్కాక థర్మోస్టాట్ మధ్యమధ్యలో కట్టేస్తుంది కనుక నిజానికి అంతకూ తక్కువే. నాలుగు ట్రేలకు పంచితే ట్రేకు పడే కరెంటు ఖర్చు యూనిటున్నర. దాని మీద బేకరీ అతని శ్రమకూ లాభానికీ కలుపుకున్నా, గ్యాస్ బండ ఇప్పుడున్న ధరకు ఇంటావిడకు నష్టం రాదు.

మహిళా సంఘాలు తామే ఓవెన్ కొనుక్కుంటామంటే దారి లేకపోలేదు. 2020లో కేంద్రం మొదలుపెట్టిన సూక్ష్మ ఆహారశుద్ధి పరిశ్రమల పథకంలో యంత్రాల ఖర్చుకు 35 శాతం రాయితీ, గరిష్ఠంగా 10 లక్షల దాకా పెట్టారు. స్వయం సహాయక సంఘాల సభ్యులకు ఒక్కొక్కరికి 40 వేల వరకు మూలధనం ఇచ్చే ఏర్పాటూ అందులోదే. తొందరపడి పెద్ద యంత్రాలు కొని, త్రీఫేజ్ కనెక్షన్ రాక, గోడకు ఆనించి బట్ట కప్పిన వాటిని చూసిన అనుభవంతో ఒక మాట. ముందు ఉన్న బేకరీ పొయ్యి దగ్గర ఆరునెలలు పళ్ళెం పెట్టి చూడండి, ఏం అమ్ముడుపోతుందో తేలాక కొనండి. పురావస్తు కట్టడాల చుట్టూ 100 మీటర్ల లోపల కొత్త నిర్మాణాలకు చట్టం ఒప్పుకోదు, ఆపై 200 మీటర్లకు అనుమతి కావాలి. కోటలోని వారికి ఇటుక భట్టీ కట్టడం కుదరని పని. ఉన్న గదిలో మూలకు పెట్టుకునే పెట్టెకు ఆ గొడవ లేదు.

భట్టీ ముందు నిలబడే మనిషి మాట కూడా ఇక్కడే చెప్పాలి. బయట 44 డిగ్రీలున్న రోజున కట్టెల భట్టీ నోట్లోకి పొడవాటి చెక్క తెడ్డు తోసేవాడి ముఖం ఎలా ఉంటుందో, ‘బెంగళూరు అయ్యంగార్ బేకరీ’ బోర్డు కింద నిలబడి కూల్‌కేక్ తినే మనం లోపలికి వెళ్ళి చూడం. పొగ, బూడిద, కాలిన చేతులు ఆ వృత్తిలో భాగమని సరిపెట్టుకున్నాం. కన్వెక్షన్ ఓవెన్ గోడల్లో వేడిని ఆపే పొర ఉంటుంది, వేడి చాలావరకు లోపలే ఉంటుంది. రుచి విషయంలో కట్టెల భట్టీ రొట్టెకు ఓటు వేసేవారు కూడా ఈ ఒక్క కారణానికి ఓటు మార్చుకోవచ్చు.

ఉమ్మడి పొయ్యి అనగానే మన దగ్గర లేచే ప్రశ్న ఇంకొకటి ఉంది. పైకి అనరు, మనసులో అనుకుంటారు. కోడి కాల్చిన పొయ్యిలో మా పిండివంటా? వారి పళ్ళెం పక్కన మా పళ్ళెమా? మొదటిదానికి జవాబు తేలిక. మాంసానికి వేరే గంట కేటాయించి, అయిపోయాక ఖాళీ పొయ్యిని 220 దగ్గర పావుగంట తిప్పి, ట్రేలు కడిగితే వాసన మిగలదు. కోడి లోపలి మాంసం 74 డిగ్రీలకు చేరిందీ లేనిదీ చూడ్డానికి ముల్లు థర్మామీటరు ఒకటి ఉంచుకుంటే రోగాల భయమూ ఉండదు. రెండోదానికి థర్మామీటరు లేదు. కరీమాబాద్‌లో, ఉర్సులో, కోటలో పక్కపక్క ఇళ్ళలో బతికే హిందువులు, ముస్లింలు, క్రైస్తవులు ఒకే బేకరీ పఫ్ తింటూనే ఉన్నారు. పఫ్‌కు లేని మైల పల్లీకి ఎక్కడిది?

మరో జాగ్రత్త. రంగు బంగారు ఛాయ దాటి నల్లబడేదాకా ఏదీ కాల్చకూడదు. పిండిపదార్థం ఎక్కువున్నవి 120 డిగ్రీలు దాటి బాగా ఎర్రబడితే అక్రిలమైడ్ అనే పదార్థం ఏర్పడుతుందని 2002లో స్వీడన్ శాస్త్రవేత్తలు బయటపెట్టారు. మాడినది తినొద్దని మన అమ్మమ్మలు చెప్పిందీ అదే, వారు కారణం చెప్పలేదంతే.

బేకరీలు నడిపేవారికి ఒక విన్నపం. వచ్చే శివరాత్రి ముందు రోజు మధ్యాహ్నం, ‘కందగడ్డలు కాల్చి ఇవ్వబడును’ అని ఒక అట్ట రాసి పెట్టండి. పదిమంది రాకపోతే తీసేయండి, పోయేదేమీ లేదు. ఇళ్ళవారికి ఒక సూచన. ట్రే 60 సెంటీమీటర్లు, 40 సెంటీమీటర్లు. ఇంటి నుంచి పట్టుకెళ్ళే పళ్ళెం అంతకు లోపు ఉండాలి, ప్లాస్టిక్ పిడి ఉండకూడదు, అడుగున పేరు గీసి ఉండాలి.